స్క్రూడ్రైవరు పిడి మీద పంటిగాట్లు

మా ఆయన అన్నిటికీ సరే అనడం మొదలుపెట్టింది ఆ ఎండాకాలంలోనే. అంతకుముందు ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎండగా ఉందంటే నిన్నటికన్నా నయమనేవాడు, నయంగా ఉందంటే ఏం నయమని మొదలుపెట్టేవాడు. అలాంటి మనిషి, కిటికీలకు కర్టెన్లు మారుద్దామంటే సరే అన్నాడు. మా తమ్ముడు వచ్చి నాలుగు రోజులు ఉంటాడంటే సరే అన్నాడు. మేడ మీద నీళ్ల ట్యాంకు కారిపోతోందండీ అంటే దానికీ సరే అనేసి పేపరు తిప్పుకున్నాడు. ట్యాంకు కారుతుంటే సరే అనే మనిషిని నేనెక్కడా చూడలేదు.

నాకు అనుమానం ఎక్కువని మా అత్తగారు ఉన్నన్నాళ్లూ అంటూనే ఉండేవారు. నిజమే, కాదనను. పాలవాడు నవ్వాడంటే పాలలో నీళ్లు కలిసినట్టే లెక్క నాకు. బట్టలు కుట్టే పని నాది. కుట్టు పైకి ఎంత చక్కగా కనపడినా లోపలికి తిప్పి చూడందే నమ్మను. మొగుడు పోట్లాడుతున్నంత కాలం భయం లేదు, పోట్లాట మానేసిన రోజున మాత్రం కాస్త కనిపెట్టి ఉండమని మా అమ్మ చెప్పింది. నేను కనిపెట్టడం మొదలుపెట్టాను.

మాది పైన ఇల్లు, కింద షెడ్డు. మోటారుసైకిళ్లు బాగుచేస్తాడాయన. అందరూ డాక్టరనే పిలిచేవారు. బండి రాగానే స్పానరు పట్టుకునే రకం కాదు మరి. స్టార్టు చేయించి, తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని వినేవాడు. విని, చెయిను సాగిందనో, టాపెట్టు వదులైందనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. భోజనం మధ్యలో వీధిన పోతున్న బండి చప్పుడు విని, ఎంగిలి చేత్తోనే కిటికీ దగ్గరికెళ్లి, ఒరే ఇంజనాయిలు చూసుకో అని కేకేసిన రోజులున్నాయి. నా కుట్టుమిషను శబ్దంలో తేడా వస్తే నాకన్నా ముందు ఆయనకే తెలిసేది.

ఆయన సొంత బండి మా పెళ్లికి ముందుది. దాన్ని ఎంత మెత్తగా పెట్టుకున్నాడంటే, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితే తప్ప ఇంటికొచ్చాడని నాకు తెలిసేది కాదు. మోత సైలెన్సర్లు పెట్టించుకోవడానికి వచ్చిన కుర్రాళ్లని, నిండుకుండ తొణకదురా అని తిట్టి పంపేవాడు. అటువంటివాడు ఒక ఉదయం తన బండికే ఆ మోత సైలెన్సరు బిగిస్తూ నా కంటపడ్డాడు.

గుండీలు అయిపోతే కొట్టుకెళ్దామని కిందికి దిగాను. పాత సైలెన్సరు విప్పేసి గోనెపట్టా మీద పెట్టి ఉంది. ఇంజను మూతి దగ్గర అంటుకుపోయిన పాత రింగును గీకి తీసి, కొత్త రాగి రింగు కూర్చోబెడుతున్నాడు. కొత్త సైలెన్సరు పొట్టిగా, లావుగా, తళతళలాడుతూ ఉంది. దాని పట్టీ ఫ్రేము బోల్టుకు వేలెడు దూరంలోనే ఆగిపోయింది. ఇంకొకరి బండైతే ఇది దీనికి పుట్టింది కాదని వెనక్కి పంపేవాడు. తనదానికి మాత్రం మధ్యలో వాషర్లు దొంతరగా పేర్చి, మోకాలితో నెట్టి, ఎలాగో కుదిర్చాడు. తర్వాత సీటు తీశాడు. గాలిని వడకట్టే ఫిల్టరుండే నల్ల డబ్బాను మొత్తంగా పీకేసి, దాని చోట ఎర్ర జాలీ ఉన్న గరాటులాంటి ఫిల్టరును క్లాంపుతో బిగించాడు. డబ్బా లేకపోతే ఇంజను గాలి పీల్చే చప్పుడు కూడా బయటికొస్తుంది. అంటే ముందు పీల్చేదీ మోతే, వెనక వదిలేదీ మోతే. చివరగా కార్బురేటరు విప్పి జెట్టు మార్చాడు. పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి ముక్క అది, చొక్కా గుండీ కన్నా చిన్నది. గాలి ఎక్కువ పీల్చే ఇంజనుకు పెట్రోలు కూడా ఎక్కువ అందాలి, లేకపోతే వేడెక్కి పాడవుతుంది. మెకానిక్కు పెళ్లాన్ని కాబట్టి ఆ మాత్రం నాకూ తెలుసు.

ఎవరి మెప్పు కోసం ఈ సోకులని వెనక నుంచి అడిగాను. పలకలేదు. ముందుకెళ్లి నిలబడి, ఎందుకండీ ఇది అన్నాను. తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"బండికి కాస్త గాలి ఆడుతుందని" అన్నాడు.

పాతికేళ్లు గాలాడకుండానే నడిచిందా అని నోటిదాకా వచ్చింది. అంతలో కిక్కు కొట్టాడు. షెడ్డు రేకులు అదిరాయి. ఎదురింటి రిటైరైన మాస్టారు పేపరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తర్వాత పైకెళ్లి చూస్తే నా గుండుసూదుల డబ్బా బల్ల మీద నుంచి కిందపడి ఉంది. ఆయన మాత్రం రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టి, కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు. చాలా రోజుల జ్వరం తర్వాత నాలుకకు రుచి తెలిసినవాడి నవ్వు అది. నా కోసం అలా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు కూడా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా తోడికోడలు రెండు వీధుల అవతల ఉంటుంది. మోత అక్కడిదాకా వినపడిందట, సాయంత్రానికల్లా వచ్చి కూర్చుంది. ముదిరిన బెండకాయకు మెరుగులెందుకని ముందు కాసేపు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అక్కా, యాభై దగ్గరపడ్డ మగాడు బండికి చప్పుడు పెట్టించాడంటే, ఆ చప్పుడు వినాల్సిన మనిషి ఎక్కడో ఉన్నట్టే."

ఆవిడ అనేసి వెళ్లిపోయింది. నాకు ఆ రోజు నుంచి కంటికి కునుకు కరువైంది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. ఒకసారి లోపలికి రానిస్తే, ఇంట్లో ప్రతి వస్తువూ దానికి సాక్ష్యం చెప్పడం మొదలుపెడుతుంది.

ఫోను సంగతే తీసుకోండి. అదివరకు షెడ్డుకు ఎవరు ఫోను చేసినా అరగంట కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు మోగితే నా చేతికిచ్చి, నువ్వే మాట్లాడు అంటున్నాడు. పేరు కనపడగానే నాకివ్వడమంటే దాచడానికేమీ లేదని చూపించుకోవడమే కదా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. కుర్చీ కూడా మార్చాడు. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే మనిషి, గోడకు వీపు ఆనించి గుమ్మానికి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు, ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు. నేను మాట్లాడుతుంటే కళ్లార్పకుండా నా మొహమే చూసేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా అంతసేపు చూసింది లేదు. తప్పు చేసినవాడే పెళ్లాం మొహం అంత శ్రద్ధగా చూస్తాడని నేను తేల్చుకున్నాను.

అన్నిటికన్నా షట్టరు. మధ్యాహ్నం భోజనం కాగానే కిందికెళ్లి షట్టరు సగానికి పైగా దించేసేవాడు. ఎండ కొడుతోందట. ముప్పై ఎండాకాలాలు ఆ షెడ్డులోనే చేశాడు, ఏనాడూ లేని ఎండ ఈ ఏడాదే కొట్టింది. లోపల ఏదో ఒక ఇంజను తిరుగుతూ ఉండేది, కాసేపటికి ఆగేది, మళ్లీ తిరిగేది. మాట మాత్రం వినపడేది కాదు.

ఆ రోజుల్లోనే స్క్రూడ్రైవరు దొరికింది. ఆయనకు పని నేర్పిన గురువుగారిచ్చిన పొడుగు స్క్రూడ్రైవరు అది, మూరెడు ఉంటుంది, కర్రపిడి. దాన్ని ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. మిషను పెడలు బిగిద్దామని తెచ్చి చూస్తే పిడి మీద గాట్లున్నాయి. పైనొక వరస, కిందొక వరస. పంటిగాట్లు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, కుక్క లేదు, ఎలుక కొరికితే అలా ఉండదు. మనిషి పళ్లే. ఒకచోట కాస్త పక్కకు జరిగి, లోతుగా దిగి ఉంది. ఆ పూట బ్రెడ్డు ముక్క ఆయన కొరికి పెట్టగానే, గిన్నెలు తీసే నెపంతో దాన్ని తీసుకెళ్లి పిడి పక్కన పెట్టి చూశాను. టేపు కూడా పెట్టి కొలిచాను, నవ్వితే నవ్వండి. ముందు పన్ను వంకర అతికినట్టు సరిపోయింది. కొండను తవ్వి ఎలుకనైతే పట్టాను గానీ, ఆ ఎలుక స్క్రూడ్రైవరును ఎందుకు కొరికిందో మాత్రం నాకు అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం మిషను తొక్కుతుంటే, ఊరి వాటర్ ట్యాంకు దగ్గరి దిగుడులో నుంచి మా బండి వస్తున్న మోత వినపడింది. దిగుడు కదా, యాక్సిలరేటరు వదిలేసి దిగుతాడు. వదలగానే బండి చిటపటమంది. మొక్కజొన్న గింజలు పేలినట్టు వరసగా పేలింది. నా కాలు పెడలు మీద ఆగిపోయింది. ఇంజనుకు పెట్రోలు చాలకపోతే అలా పేలుతుందని ఆయనే నాకు చెప్పాడు. వీధిన పోయేవాడి బండి కాస్త టిక్కుమంటే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి, తన బండి ఇలా పేలుతుంటే ఎలా నడుపుకొస్తున్నాడు? మనసు ఇక్కడ ఉంటేగా అనుకున్నాను.

వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. వీపు నా వైపుంది. బండి పేలుతోంది చూసుకోండి అన్నాను. పలకలేదు. ఇక నా వల్ల కాలేదు. నెలరోజులుగా కడుపులో ఉడుకుతున్నదంతా ఆ వీపు మీద పోశాను.

"ఎవరో వినాలని అంత చప్పుడు పెట్టించుకున్నారు, ఇంట్లో పెళ్లాం గొంతు మాత్రం మీకు వినపడదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు. చెప్తున్నాను వినండి, మీరు లేకపోయినా ఈ ఇంట్లో నాకు వచ్చే తేడా ఏమీ లేదు. పోవాలనుంటే పొండి."

ఆయన తువ్వాలు తీసుకుని ఇటు తిరిగాడు. నా మొహం చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చిన్నగా నవ్వి అన్నాడు.

"సరే."

ఆ తర్వాత నాలుగు రోజులు నేను మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదన్న సంగతి ఆయనకు తెలిసిందో లేదో కూడా నాకు తెలియలేదు.

ఐదో రోజున స్పేరుపార్టుల షాపుకు బయల్దేరాను. ఆ షాపు నడిపేది ఒకావిడ. భర్త పోయాక తనే చూసుకుంటోంది, చలాకీ మనిషి. మా ఆయన వారానికి రెండుసార్లు వెళ్లే చోటు అదొక్కటే. ఏదో ఒకటి తేల్చుకునే రావాలని, ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని మరీ వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడే నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. డాక్టరుగారికి తన మీద కోపమేమైనా వచ్చిందా అని అడిగింది.

ఒక వాషరు కోసం గంట బేరమాడే మనిషి, ఇప్పుడు చీటీ రాసిచ్చి, ఏమిస్తే అది పట్టుకుపోతున్నాడట. మొన్న సైలెన్సరూ ఫిల్టరూ కొన్నప్పుడు పెద్ద జెట్టు అడిగాడట. ఆ సైజు అయిపోయింది, దానికన్నా ఒక నంబరు చిన్నది ఉంది, దాంతో పెట్రోలు చాలక ఇంజను ఎండుతుందేమో, వారం ఆగుతారా అని ఈవిడ అడిగితే సరే అని చిన్నదే జేబులో వేసుకుని వెళ్లిపోయాడట. వెనక నుంచి మూడుసార్లు పిలిస్తే తిరిగి చూడలేదట. చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను ఎవరి మీద గూఢచారిలా వచ్చానో ఆవిడే నన్ను ఓదార్చమంటోంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వచ్చేస్తుంటే ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది.

"నేను చెప్పానని అనకండి. కొరియర్ మేనేజరు వేరే షెడ్డు వెతుకుతున్నాడు. మీ దగ్గర సర్వీసయిన బండ్లు రెండు, వారం తిరక్కుండానే టకటకమంటున్నాయట. డాక్టరు చెయ్యి పోయిందని అంటున్నాడు."

కొరియర్ ఆఫీసు బండ్లు పద్నాలుగు. మా షెడ్డు నిలబడిందే వాటి మీద. అవి పోతే నా కుట్టుమిషను మీద ఇల్లు నడవదు. అయినా నాకు ఆ మాట కన్నా, చెయ్యి పోయిందన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన్ని ఎన్నైనా అనే హక్కు నాదే గానీ, ఆ చేతిని ఇంకొకడు అంటే నేను పడను.

ఇంటికొచ్చేసరికి షట్టరు సగానికి దిగి ఉంది. లోపల బండి తిరుగుతోంది. వీధిలో ఎవరూ లేరని చూసుకుని, మోకాళ్ల మీద వంగి కింద సందులోంచి చూశాను.

ఆయన ఒక్కడే ఉన్నాడు. కొరియర్ బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి ఉంది, కర్రపిడి ఆయన పళ్ల మధ్య ఉంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి మొన ఇంకాస్త పక్కకు జరిపి మళ్లీ కొరికి పట్టాడు. చెమట చెంపల మీదుగా కారి పిడి మీద పడుతోంది. తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. చెవికి అందని చప్పుడును పళ్లతో పట్టుకుంటున్నాడు.

నేను షట్టరు తట్టలేదు. తట్టినా లాభం లేదని అప్పటికి అర్థమైంది.

పైకొచ్చి మిషను ముందు కూర్చున్నాను. కారిపోతున్న ట్యాంకు, నా చేతికొచ్చే ఫోను, గోడకు ఆనించిన కుర్చీ, నా మొహం మీది నుంచి తిప్పని కళ్లు, అన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. అంతా ఒక కుట్టే, నేను తిరగేసి చూశాననుకున్నది తప్పు వైపు. సిగ్గుతో చచ్చిపోయాను. శంఖం ఊదానన్న మాట గుర్తొచ్చినప్పుడైతే, పక్కన ఎవరూ లేకపోయినా చేతుల్లో మొహం దాచుకున్నాను.

వెంటనే వెళ్లి అడిగేద్దామనిపించింది. కానీ అంత కష్టపడి దాచుకున్నదాన్ని పట్టుకుని లాగితే ఆయనకేం మిగులుతుంది? తనంతట తను చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. ఆగడం నాకు చేతకాని పని. అయినా రెండు రోజులు ఆగాను.

మూడో రోజు పొద్దున్నే కొరియర్ మేనేజరు తనే బండి తోలుకొచ్చాడు. పొట్టి మనిషి, ఎప్పుడూ వాచీ చూసుకుంటూ మాట్లాడతాడు. సాయంత్రానికి చేసి పెడతానని మా ఆయన అనడం పైకి వినపడింది. కుదరదన్నాడు మేనేజరు. ఇక్కడే నిలబడతానన్నాడు, కళ్ల ముందు చేసి చూపించమన్నాడు.

"కుండబద్దలు కొట్టినట్టు చెప్తున్నాను డాక్టరుగారూ. ఇవాళ ఇది కుదిరితే పద్నాలుగూ మీవే. కుదరకపోతే ఏమీ అనుకోవద్దు."

కింద బండి స్టార్టయింది. నేలలోంచి ఆ చప్పుడు నా పాదాలకు తగిలింది. ఇరవై రెండేళ్లుగా ఆ నేల మీదే కూర్చుని కుడుతున్నాను. కింద ఆయన స్క్రూ తిప్పుతుంటే ఇంజను గొంతు ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ కుదుటపడుతుందో నా కాళ్లకు తెలుసు. ఏ చప్పుడు దగ్గర ఆయన 'హుఁ' అని స్క్రూడ్రైవరు కింద పెడతాడో తెలుసు. అన్నీ తెలిసినా, అది నాకొచ్చిన విద్యని ఆ రోజు దాకా నాకు తెలియదు. పొయ్యి మీద టీ ఉంది. రెండు గాజుగ్లాసుల్లో పోసుకుని కిందికి దిగాను.

ఆయన పాత పద్ధతిలోనే తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. చూడటానికి పాత డాక్టరే. అరచెయ్యి మాత్రం ట్యాంకు మీద అటూ ఇటూ జరుగుతూ దడ కోసం వెతుకుతోంది. మేనేజరుకు ఒక గ్లాసిచ్చాను. రెండోది పట్టుకుని బండికి అవతల వైపు, ఆయనకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. కళ్లు తెరిచి నన్ను చూశాడు. వెళ్లు అన్నట్టు కనుబొమలు ముడిచాడు. నేను వెళ్లలేదు.

ఆయన కార్బురేటరు స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. చప్పుడు లేచింది, ఇంకాస్త లేచింది. కుదిరిన చోటికి రాగానే సీటు మీదున్న నా ఎడమచేతి పిడికిలి బిగించాను. ఆయన చెయ్యి ముందుకే పోయింది, ఇంజను తడబడింది. పిడికిలి విప్పాను. ఆయన నా చేతి వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. స్క్రూ నెమ్మదిగా వెనక్కి తిప్పాడు. చప్పుడు మళ్లీ అక్కడికి రాగానే పిడికిలి బిగించాను. ఆగాడు.

ఇంకా టిక్కు టిక్కుమంటోంది. పైన, ఇంజను తల దగ్గర. నోటితో చెప్పడానికి మేనేజరు పక్కనే ఉన్నాడు. నా చేతిలో గ్లాసుంది. ఆ టిక్కుకు సరిగ్గా తాళం కలిపి గాజు మీద గోటితో కొట్టడం మొదలుపెట్టాను. గోటి చప్పుడు ఆయనకు వినపడదు, నాకు తెలుసు. కానీ గోరు కనపడుతుంది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. మేనేజరు కూడా చూసి, ఈవిడకేమిటింత తొందర అన్నట్టు విసుక్కున్నాడు.

ఆయన ఇంజను ఆపాడు. "టాపెట్టు" అన్నాడు.

చల్లారేదాకా ఆగి, పైమూత విప్పి, చెవి లేనివాళ్లకని ఎప్పుడూ ఎగతాళి చేసే, సందు కొలిచే రేకుల గేజీని సొరుగు అడుగు నుంచి తీసి, సందులో దూర్చి బిగించాడు. మూత పెట్టి మళ్లీ స్టార్టు చేశాడు. అప్పుడు ఆయన ఇంజను వైపు చూడలేదు. నా వేలి వైపు చూశాడు. నేను గ్లాసు మీద నుంచి వేలు తీసేశాను.

"హుఁ" అన్నాడాయన.

మేనేజరు బండెక్కి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. చెయ్యి పోలేదన్నమాట అని నవ్వి, మిగతా బండ్లు సోమవారం పంపుతానని చెప్పి వెళ్లిపోయాడు. టీ ముట్టనే లేదు.

మేమిద్దరమే మిగిలాం. ఆయన బల్ల మీద కూర్చుని చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు, మరక లేకపోయినా. ఎప్పటి నుంచి తెలుసని అడిగాడు. ఎదురుగా నిలబడి, పెదాలు విప్పి, మూడు రోజులని చెప్పాను. చలికాలంలోనే మొదలైందన్నాడు. గొంతులు వినపడతాయట, మాటలు వినపడవట. ఇంజను దడ వినపడుతుందట, అందులో టిక్కు వినపడదట. ముందే ఎందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నాను. చెవి మీద బతికిన డాక్టరు ఆ మాట ఎవరితో చెప్పగలడు?

"మరి ఆ మోత సైలెన్సరు?" అన్నాను.

"నా బండిని నేనే మెత్తగా చేసి పెట్టుకున్నానుగా" అన్నాడు. "సిగ్నలు దగ్గర అది తిరుగుతోందో ఆగిందో తెలియడం మానేసింది. రెండుసార్లు ఆగిపోయిన బండికి గేరేసి కూర్చున్నాను. వెనకవాళ్లు నవ్వారు. ఇది పెట్టాక వినపడింది. పెట్టిన రోజున ఎంత బాగా వినపడిందనుకున్నావు."

ఆ చప్పుడు వినాల్సిన మనిషి ఎక్కడో ఉందని మా తోడికోడలు అన్న మాట నిజమే. ఆ మనిషి కోసం నెలరోజులు వీధులన్నీ వెతికాను.

చెవుల డాక్టరు దగ్గరికి బలవంతంగా లాక్కెళ్లాను. పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలని చెప్పి చెవిలో పెట్టుకునే మిషను ఒకటి రాసిచ్చాడు. అది పెట్టుకుంటే ప్లేట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదని మా ఆయన దాంతో పోట్లాట మొదలుపెట్టాడు. ఆ పోట్లాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. నా కుట్టుమిషను కిందికి, షెడ్డు మూలకు దింపించుకున్నాను. షట్టరు పూర్తిగా ఎత్తేశాం. బండ్లు తెచ్చినవాళ్లకు డాక్టరు పక్కన ఈవిడెందుకు కూర్చుందో మొదట్లో అర్థం కాలేదు, తర్వాత అడగడం మానేశారు.

మొదటి వాన పడ్డ రోజున ఆయనే తన బండిని స్టాండు మీద పెట్టాడు. డబ్బా లేని ఫిల్టరు వానలో నీళ్లు పీలుస్తుంది. అంచేత ఎర్ర జాలీది తీసేసి నల్ల డబ్బా, పాత జెట్టు మళ్లీ పెట్టాడు. పనిలో పనిగా సైలెన్సరు కూడా విప్పాడు. అదుండనివ్వండి, మీకు వినపడుతుందిగా అన్నాను. అక్కర్లేదన్నాడు. నువ్వు వెనక కూర్చుంటే ఆగినప్పుడు భుజం మీద తడితే చాలన్నాడు. పాత సైలెన్సరును తుడిచి ఎత్తి పట్టుకున్నాడు, నేను బోల్టులు ఒక్కొక్కటీ అందిస్తున్నాను. అది పుట్టింది ఆ బండికే కాబట్టి వాషర్లు లేకుండా కూర్చుంది.

చివరి బోల్టు దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

"ఆ మధ్య నేను చేతులు కడుక్కుంటుంటే వెనక నుంచి నువ్వేదో అన్నావు. చాలాసేపు అన్నావు. ఏమన్నావు?"

వీపుతో అయితే ఎన్నైనా అనొచ్చు. ఈ మనిషితో ఇప్పుడు ఏమన్నా మొహం ఎదురుగా పెట్టి, పెదాలు కనపడేలా అనాలి.

"బండి పేలుతోంది, చూసుకోండి అన్నాను" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆయన నా పెదాల వంక చూశాడు. తర్వాత కళ్లలోకి చూశాడు. వాన రేకుల మీద గట్టిగా పడుతోంది, అది ఆయనకు వినపడుతోందో లేదో నాకు తెలియదు.

"సరే" అన్నాడు.

అది నమ్మి అన్న సరేనో, ఆ రోజు నా మొహం చూసినప్పుడే అంతా తెలిసి అన్న సరేనో, ఈనాటికీ నాకు తేలలేదు. ఎంత అనుమానం మనిషినైనా, ఆ ఒక్కటి మాత్రం తిరగేసి చూడలేదు. బోల్టు చేతికిచ్చాను. ఆయన బిగించాడు.